డెస్క్‌టాప్ ఆప్స్ కొత్తగా చేసేవాళ్లు పదే పదే అడిగే డౌట్లు

ఇవే డౌట్లు రోజూ ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు, విడివిడిగా జవాబు చెప్పే ఓపిక అయిపోయింది, అందుకే అన్నీ ఒకచోట పెడుతున్నా. ఎక్కువ ఉదాహరణలు పైథాన్, టికింటర్ (పైథాన్ లో విండోలు, బటన్లు చేసే లైబ్రరీ) తోనే ఇచ్చా ఎందుకంటే కొత్తవాళ్లలో చాలామంది దాంతోనే మొదలుపెడుతున్నారు, కానీ అలాంటివే అయిన సీ షార్ప్ విన్‌ఫామ్స్ అయినా క్యూటీ అయినా కథ దాదాపు ఇదే. కోడ్ మాటలు కూడా తెలుగు అక్షరాల్లోనే రాశా, మీరు ఎడిటర్ లో మామూలుగా కొట్టుకోండి. వరసగా చదవక్కర్లేదు, మీ డౌట్ ఏదో చూసుకుని వెళ్లిపోండి.

## మొదలుపెట్టే ముందు

ఏ లాంగ్వేజ్ తో మొదలుపెట్టాలి? ఒక్కొక్కళ్లు ఒక్కొక్కటి చెప్తున్నారు

మీకు ఇప్పటికే కాస్తో కూస్తో వచ్చిన దాంతో. పైథాన్ వస్తే టికింటర్ తీసుకోండి, అది పైథాన్ తో పాటే వస్తుంది, వేరే ఇన్‌స్టాల్ చెయ్యక్కర్లేదు (ఉబుంటు లాంటి లినక్స్ లో మాత్రం దాని ప్యాకేజీ విడిగా వేసుకోవాలి). విండోస్ కి మాత్రమే చేస్తాం అనుకుంటే సీ షార్ప్, విన్‌ఫామ్స్. 2002 నుంచి ఉంది, పాతదే, అయినా బటన్ లాగి ఫామ్ మీద పడేసి డబుల్ క్లిక్ కొడితే కోడ్ రాసే చోటుకి తీసుకెళ్తుంది, అంతకంటే తేలిగ్గా ఏం కావాలి. వెబ్ వచ్చినవాళ్లు ఎలక్ట్రాన్ (వెబ్ కోడ్ తో డెస్క్‌టాప్ ఆప్ చేసేది) కి వెళ్తారు, తప్పేం లేదు, కాకపోతే ప్రతి ఆప్ వెనకాల క్రోమియం బ్రౌజర్ మొత్తం ప్యాక్ అయి వెళ్తుంది కాబట్టి చిన్న నోట్స్ ఆప్ కూడా 100 ఎంబీ దాటేస్తుంది. ఏది బెస్ట్ అని వీడియోలు చూస్తూ కూర్చునే టైమ్ లో మొదటి ఆప్ అయిపోతుంది, అది మాత్రం నిజం.

టికింటర్ తో చేస్తే ఆప్ పాతకాలం సాఫ్ట్‌వేర్ లా కనిపిస్తోంది, మార్గం ఉందా?

ఉంది. టికింటర్ లోపలే టీటీకే అని ఇంకో సెట్ విడ్జెట్స్ (విండోలో కనిపించే బటన్, బాక్స్ లాంటివి) ఉన్నాయి, బటన్, ఎంట్రీ, లేబుల్ అన్నీ అందులోంచి తీసుకోండి, విండోస్ లో విండోస్ లాగా, మ్యాక్ లో మ్యాక్ లాగా కనిపిస్తాయి. ఒక్క తేడా, బటన్ లాంటివాటికి బ్యాక్‌గ్రౌండ్ కలర్ నేరుగా ఇస్తే ఎర్రర్ కొడుతుంది, స్టైల్ ద్వారా మార్చాలి. నిజం చెప్పాలంటే పాతకాలం లుక్ కి సగం కారణం విడ్జెట్స్ కావు, అన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయి ఉండటమే. ప్రతిదానికీ ప్యాడ్‌ఎక్స్, ప్యాడ్‌వై (చుట్టూ వదిలే ఖాళీ) 8 ఇచ్చి చూడండి, అదే ఆప్ వేరేలా కనిపిస్తుంది.

డిజైనర్ లో డ్రాగ్ చెయ్యాలా, చేత్తో కోడ్ రాయాలా?

మొదటి రెండు మూడు విండోలు చేత్తో రాయండి, లోపల ఏం జరుగుతుందో తెలుస్తుంది. తర్వాత డిజైనర్ హాయిగా వాడుకోండి. డిజైనర్ తయారుచేసిన ఫైల్ లో మాత్రం వేలు పెట్టకండి, విన్‌ఫామ్స్ లో మీరు ఆ ఫైల్ లో రాసుకున్నది డిజైనర్ మళ్లీ సేవ్ చేసినప్పుడు ఎగిరిపోతుంది.

## మొదటి విండో దగ్గర

రన్ చేస్తే విండో ఇలా వచ్చి అలా మాయమైపోతోంది, ఒక్కోసారి రావట్లేదు కూడా

చివర్లో మెయిన్‌లూప్ పిలవలేదు. ఇప్పటిదాకా మీరు రాసిన ప్రోగ్రామ్స్ పైనుంచి కిందకి నడిచి ఆగిపోయేవి, డెస్క్‌టాప్ ఆప్ అలా కాదు, అది విండో గీసేసి ఎవరైనా ఏదైనా నొక్కుతారేమో అని కాచుకుని కూర్చుంటుంది. ఆ కాచుకోవడమే మెయిన్‌లూప్. అందుకే దాని కింద రాసిన లైన్లు విండో మూసేదాకా రన్ అవ్వవు, "మెయిన్‌లూప్ తర్వాత పెట్టిన ప్రింట్ రావట్లేదు" అనే డౌట్ కి కూడా జవాబు ఇదే. ఏం జరగాలన్నా ముందే ఏదో ఒక బటన్ కో కీ కో టైమర్ కో తగిలించి పెట్టాలి.

బటన్ నొక్కకముందే ఫంక్షన్ రన్ అయిపోతోంది, తర్వాత ఎంత నొక్కినా ఉలుకూ పలుకూ లేదు

కమాండ్=సేవ్() అని రాసి ఉంటారు, ఆ బ్రాకెట్లు తీసేసి కమాండ్=సేవ్ అని పెట్టండి. బ్రాకెట్లు ఉంటే "ఇప్పుడే రన్ చెయ్" అని అర్థం, రన్ అయ్యి వచ్చిన రిజల్ట్, అంటే మామూలుగా నన్ (పైథాన్ లో 'ఏమీ లేదు'), అది బటన్ కి తగులుకుంటుంది, నన్ ని నొక్కితే ఏమవుతుంది, ఏమీ అవ్వదు. ఫంక్షన్ కి విలువ పంపాలంటే లాంబ్డా (పేరు లేని చిన్న ఫంక్షన్) వాడండి, కమాండ్=లాంబ్డా: సేవ్(5) అలా.

లూప్ లో పది బటన్లు పెట్టా, ఏది నొక్కినా చివరి నంబరే వస్తోంది, పిచ్చెక్కుతోంది

లాంబ్డా: చూపించు(ఐ) అని రాస్తే అది ఐ విలువని అప్పుడే దాచుకోదు, నొక్కినప్పుడు వెళ్లి చూస్తుంది, అప్పటికి లూప్ అయిపోయి ఐ చివరి నంబర్ దగ్గర ఆగి ఉంటుంది. లాంబ్డా ఐ=ఐ: చూపించు(ఐ) అని రాయండి, డిఫాల్ట్ విలువ అక్కడికక్కడే ఫిక్స్ అయిపోతుంది. చూడ్డానికి వింతగా ఉంటుంది కానీ పైథాన్ లో అందరూ చేసేది ఇదే.

'నన్‌టైప్' ఆబ్జెక్ట్ కి 'గెట్' లేదు అంటోంది, బాక్స్ ఎదురుగా కనిపిస్తూనే ఉంది కదా

ఒకే లైన్ లో పేరు=ఎంట్రీ(రూట్).ప్యాక్() అని రాశారు. ప్యాక్ పని బాక్స్ ని విండోలో పెట్టడమే, ఏదీ తిరిగి ఇవ్వదు, నన్ ఇస్తుంది, మీ వేరియబుల్ లో ఆ నన్ పడింది. రెండు లైన్లు చెయ్యండి, ముందు పేరు=ఎంట్రీ(రూట్), తర్వాత పేరు.ప్యాక్(). గ్రిడ్ వాడినా ఇంతే.

ప్యాక్, గ్రిడ్, ప్లేస్ మూడిట్లో ఏది వాడాలి?

మూడూ విడ్జెట్ ని విండోలో ఎక్కడ పెట్టాలో చెప్పేవే. ఫామ్ లాంటిది అయితే గ్రిడ్, వేరే ఆలోచన వద్దు. టూల్‌బార్ పైన, స్టేటస్ బార్ కింద, మధ్యలో పెద్ద ఏరియా లాంటి వాటికి ప్యాక్ బాగుంటుంది. రెండూ ఒకే ఆప్ లో వాడొచ్చు కానీ ఒకే ఫ్రేమ్ (విడ్జెట్స్ పెట్టుకునే డబ్బా) లోపల కలపకూడదు, కలిపితే ఇప్పటి వెర్షన్లు ఎర్రర్ ఇస్తాయి, పాతవి అయితే అలాగే బిగుసుకుపోయేవి. ఫ్రేమ్ లు విడగొట్టుకుని ఒక్కోదాంట్లో ఒక్కటి వాడండి. ప్లేస్ తో పిక్సెల్స్ లెక్కపెట్టి పెట్టినవి మీ స్క్రీన్ మీద ముద్దుగా ఉంటాయి, ఫాంట్ సైజ్ వేరే ఉన్న సిస్టమ్ లో ఒకదాని మీద ఒకటి ఎక్కేస్తాయి.

ఇంకోటి, విండో పెద్దది చేస్తే లోపల బాక్సులు మూలకి అలాగే ఉండిపోతున్నాయి అంటే గ్రిడ్ లో ఆ కాలమ్ కి వెయిట్ 1 ఇవ్వలేదని, లేదా విడ్జెట్ కి స్టికీ ఇవ్వలేదని. రెండూ ఇస్తేనే సాగుతుంది.

ఇమేజ్ పెట్టా, ఎర్రర్ లేదు, కానీ ఆ చోటు ఖాళీగా ఉంది

ఫంక్షన్ లోపల ఫోటోఇమేజ్ చేసి లేబుల్ కి ఇచ్చారు, ఫంక్షన్ అయిపోగానే ఆ వేరియబుల్ పోయింది, ఇంకెవరూ వాడట్లేదనుకుని పైథాన్ ఆ ఇమేజ్ ని మెమరీ లోంచి ఊడ్చేసింది. లేబుల్.ఇమేజ్=ఫోటో అని ఒక లైన్ పెట్టండి, లేబుల్ బతికున్నంత కాలం ఫోటో కూడా ఉంటుంది. ఎర్రర్ వచ్చి ఇమేజ్ రాకపోతే ఫైల్ జేపెగ్ ఏమో చూడండి, ఫోటోఇమేజ్ కి పీఎన్‌జీ, జిఫ్ తెలుసు, జేపెగ్ కి పిల్లో లైబ్రరీ కావాలి.

టికింటర్ ఇన్‌స్టాల్ అయ్యే ఉంది, అయినా అందులో 'టీకే' లేదు అంటోంది

మీ ఫైల్ పేరు చూడండి. టికింటర్ డాట్ పీవై అని సేవ్ చేసుకున్నారా? ఇంపోర్ట్ మీ ఫైల్ నే తెచ్చుకుంటోంది. పేరు మార్చండి అంతే.

రెండో విండోలో టైప్ చేసింది ఎప్పుడు చూసినా ఖాళీగానే వస్తోంది

రెండో విండోకి కూడా టీకే() పిలిచారు. అది ఆప్ మొత్తానికి ఒక్కసారే పిలవాలి, మిగతా విండోలన్నీ టాప్‌లెవెల్() తో తెరవండి. రెండు టీకే లు ఉంటే లోపల రెండు వేరు వేరు ప్రపంచాలు నడుస్తాయి, మీరు చేసిన స్ట్రింగ్‌వార్ (బాక్స్ లోని టెక్స్ట్ ని పట్టుకునే వేరియబుల్) మొదటి దాంట్లో పుడుతుంది, బాక్స్ రెండోదాంట్లో ఉంటుంది, ఒకదాని సంగతి ఒకదానికి తెలీదు.

## యూజర్ టైప్ చేసేటప్పుడు

2, 3 కలిపితే 23 వస్తోంది

బాక్స్ లోంచి వచ్చేది ఎప్పుడూ టెక్స్టే. ఇంట్() తోనో ఫ్లోట్() తోనో మార్చాలి. మార్చేటప్పుడు యూజర్ ఖాళీగా వదిలేస్తాడు, వెనకాల స్పేస్ కొడతాడు, 1,200 అని కామా పెడతాడు, అన్నీ జరుగుతాయి కాబట్టి ముందు స్ట్రిప్ చేసి కామాలు తీసేసి, ట్రై-ఎక్సెప్ట్ లో పెట్టి మార్చండి. కుదరకపోతే పెద్ద మెసేజ్ బాక్స్ తో భయపెట్టే బదులు ఆ బాక్స్ పక్కనే "ఇక్కడ నంబర్ కావాలి" అని ఎర్రగా చూపించి కర్సర్ అక్కడే పెట్టండి.

ఎంటర్ కొడితే కూడా సేవ్ అవ్వాలి, పెడితే ఆర్గ్యుమెంట్ ఎక్కువైంది అని ఎర్రర్

బటన్ కమాండ్ ఫంక్షన్ కి ఏమీ పంపదు, బైండ్ (కీ ని ఫంక్షన్ కి తగిలించేది) మాత్రం ఈవెంట్ అనే ఒక ఆబ్జెక్ట్ ని పంపుతుంది. ఫంక్షన్ ని సేవ్(ఈవెంట్=నన్) అని రాసుకుంటే రెండిటికీ సరిపోతుంది. టికింటర్ లో ఎంటర్ కీ పేరు రిటర్న్ అని గుర్తుంచుకోండి, నంబర్ ప్యాడ్ లో ఉన్న ఎంటర్ కి మళ్లీ వేరే పేరు, కేపీ అండర్‌స్కోర్ ఎంటర్. కంట్రోల్ ఎస్ పెట్టేవాళ్లు చిన్న ఎస్, పెద్ద ఎస్ రెండిటికీ బైండ్ చెయ్యండి, లేకపోతే క్యాప్స్ లాక్ ఆన్ లో ఉన్నప్పుడు పని చెయ్యదు, యూజర్ ఏమో మీ ఆప్ పాడైందంటాడు.

బటన్ ఒకటికి రెండుసార్లు నొక్కేస్తున్నారు, రికార్డ్ రెండుసార్లు పడుతోంది

నొక్కగానే బటన్ ని డిసేబుల్ చెయ్యండి, పని అయ్యాక ఎనేబుల్ చెయ్యండి, ఇది అందరూ చెప్తారు. చేసి కూడా "అయినా రెండుసార్లే పడుతోంది" అంటున్నారు, దానికి కారణం ఉంది. మీ ఫంక్షన్ నడుస్తున్నంతసేపు రెండో క్లిక్ క్యూలో నిలబడి ఉంటుంది, మీరు ఫంక్షన్ చివర్లో బటన్ ఎనేబుల్ చేసేశాక అది లోపలికి వస్తుంది, అప్పటికి బటన్ ఎనేబుల్ అయ్యే ఉంది కాబట్టి హాయిగా ఇంకోసారి రన్ అవుతుంది. ఎనేబుల్ చేసే లైన్ ని ఆఫ్టర్(300, ...) తో కొంచెం, అంటే 300 మిల్లీసెకన్లు ఆలస్యంగా రన్ అయ్యేలా పెట్టండి, క్యూలో ఉన్న క్లిక్ డిసేబుల్ బటన్ మీద పడి వృథా అయిపోతుంది. మధ్యలో ఎర్రర్ వస్తే బటన్ శాశ్వతంగా బూడిద రంగులో ఉండిపోకుండా ఆ లైన్ ఫైనల్లీ లో ఉండాలి.

విండో మూసేటప్పుడు 'సేవ్ చెయ్యాలా' అని అడగడం ఎలా?

రూట్.ప్రోటోకాల్ కి డబ్ల్యూఎం_డిలీట్_విండో అనే పేరు, మీ ఫంక్షన్ ఇవ్వండి. ఆ ఫంక్షన్ లో చివరికి రూట్.డిస్ట్రాయ్() మీరే పిలవాలి, మర్చిపోతే ఇంటూ గుర్తు నొక్కినా విండో మూసుకోదు. ఏమీ మార్చకపోయినా ప్రతిసారీ అడిగే ఆప్ అంటే జనాలకి చిరాకు, "మారింది" అని ఒక ట్రూ/ఫాల్స్ వేరియబుల్ పెట్టుకుని అది ట్రూ అయితేనే అడగండి.

## ఆప్ బిగుసుకుపోతున్నప్పుడు

బటన్ నొక్కగానే విండో తెల్లగా అయిపోయి 'నాట్ రెస్పాండింగ్' అని వస్తోంది

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే, కాబట్టి కొంచెం వివరంగా చెప్తా. స్క్రీన్ మీద గీయడం, క్లిక్ లు తీసుకోవడం, మీ ఫంక్షన్ లు రన్ చెయ్యడం, ఇవన్నీ చేసేది ఒకే థ్రెడ్, అంటే ప్రోగ్రామ్ లో ఒకదాని తర్వాత ఒకటి పని చేసుకుంటూ పోయే ఒక వరస. కౌంటర్ దగ్గర ఒక్కడే మనిషి ఉండి, వాడు కూడా లోపలికి సరుకు వెతకడానికి వెళ్తే బయట క్యూ ఎలా ఆగిపోతుందో అలా, మీ ఫంక్షన్ పెద్ద ఫైల్ చదువుతున్నంతసేపు విండోని పట్టించుకునేవాళ్లు ఉండరు. విండోస్ దాదాపు 5 సెకన్లు చూసి, ఈ విండో మెసేజ్ లకి పలకట్లేదు అని దాన్ని తెల్లగా చేసి టైటిల్ లో ఆ మాట తగిలిస్తుంది. ఆప్ చచ్చిపోలేదు, పని అయ్యాక మామూలైపోతుంది, కానీ యూజర్ అంతదాకా ఆగడు, టాస్క్ మేనేజర్ లో చంపేస్తాడు.

పని సెకనులో పదో వంతు లోపే అయిపోతుందంటే అలాగే వదిలేయండి, ఎవరికీ తెలీదు. పని ముక్కలుగా చెయ్యగలిగేది అయితే, ఉదాహరణకి 5000 ఫైల్స్ పేర్లు మార్చాలి అంటే, ఒకసారికి 50 చేసి మిగతావి ఆఫ్టర్(1, తర్వాతి_ముక్క) కి అప్పజెప్పండి, మధ్యలో విండో ఊపిరి పీల్చుకుంటుంది, థ్రెడ్ ల గొడవ లేదు, కొత్తవాళ్లకి నేను ముందు చెప్పేది ఇదే. నెట్ నుంచి డౌన్‌లోడ్ లాగా ముక్కలు చెయ్యలేనిది అయితేనే వేరే థ్రెడ్.

అప్‌డేట్() ని లూప్ మధ్యలో పిలిస్తే సరిపోతుందని కొందరు చెప్తారు, అప్పటికి పని చేసినట్టే ఉంటుంది, కానీ ఆ అప్‌డేట్ లోనే యూజర్ మళ్లీ అదే బటన్ నొక్కితే మీ ఫంక్షన్ తన లోపల తనే ఇంకోసారి మొదలవుతుంది. వద్దు.

క్లాక్ చేద్దామని స్లీప్ పెట్టా, మొత్తం ఆగిపోయింది

విండో ఉన్న ప్రోగ్రామ్ లో టైమ్.స్లీప్ మర్చిపోండి. రూట్.ఆఫ్టర్(1000, టిక్) అని పెట్టి, టిక్ ఫంక్షన్ చివర్లో మళ్లీ అదే లైన్ రాయండి, 1000 అంటే మిల్లీసెకన్లు. స్టాప్‌వాచ్ అయితే ఒక్కో టిక్ కి ఒకటి కలుపుకుంటూ పోకండి, టిక్ లు ఎప్పుడూ కొంచెం లేటుగానే వస్తాయి, కాసేపటికి తేడా కనిపిస్తుంది. మొదలైన టైమ్ దాచుకుని ఇప్పటి టైమ్ లోంచి తీసేసి చూపించండి.

పని థ్రెడ్ లో పెట్టా, ఒక్కోసారి బాగుంటోంది ఒక్కోసారి క్రాష్

ఆ థ్రెడ్ లోంచి లేబుల్ మార్చడమో బార్ కదపడమో చేస్తున్నారు. విడ్జెట్స్ ని మెయిన్ థ్రెడ్ ఒక్కటే ముట్టుకోవాలి, ఈ రూల్ టికింటర్ కే కాదు, విన్‌ఫామ్స్, క్యూటీ, అన్నిటికీ ఉంది. విన్‌ఫామ్స్ డీబగ్ లో అయితే మొహం మీదే ఎర్రర్ కొడుతుంది, అక్కడ ఇన్వోక్ వాడతారు, క్యూటీలో సిగ్నల్స్ వాడతారు. టికింటర్ లో తేలిక దారి, థ్రెడ్ తన రిజల్ట్ ని క్యూ లో వేస్తుంది, మెయిన్ విండో ఆఫ్టర్(100, ...) తో ఆ క్యూని చూసుకుంటూ ఏమైనా ఉంటే తీసి చూపిస్తుంది. థ్రెడ్ చేసేటప్పుడు డీమన్=ట్రూ పెట్టండి, లేకపోతే విండో మూసినా ప్రోగ్రామ్ వెనకాల నడుస్తూనే ఉంటుంది. ఎస్‌క్యూలైట్ (ఒక్క ఫైల్ లో ఉండే డేటాబేస్) కనెక్షన్ కూడా ఏ థ్రెడ్ లో తెరిచారో అక్కడే వాడాలి.

సీ షార్ప్ లో అసింక్, అవైట్ పెట్టా, అయినా బిగుసుకుపోయింది

ఎక్కడో డాట్ రిజల్ట్ అనో డాట్ వెయిట్() అనో పెట్టి ఉంటారు. అది మెయిన్ థ్రెడ్ ని ఆపేస్తుంది, ఆ పని పూర్తవ్వాలంటే మెయిన్ థ్రెడ్ ఖాళీగా ఉండాలి, రెండూ ఒకదాని కోసం ఒకటి చూస్తూ ఉండిపోతాయి. పైనుంచి కిందదాకా అవైట్ పెట్టండి.

సెర్చ్ బాక్స్ లో టైప్ చేస్తుంటే అక్షరాలు ఆలస్యంగా పడుతున్నాయి

ప్రతి అక్షరానికీ మొత్తం లిస్ట్ వెతుకుతున్నారు. యూజర్ ఆగాక వెతకండి. కీ నొక్కినప్పుడల్లా పాత టైమర్ ని ఆఫ్టర్_క్యాన్సిల్ చేసి, కొత్తది ఆఫ్టర్(300, వెతుకు) పెట్టండి, టైప్ చేస్తున్నంతసేపు టైమర్ వాయిదా పడుతూ పోతుంది, ఆపగానే ఒక్కసారే వెతుకుతుంది. నాలుగు లైన్ల కోడ్, కానీ ఆప్ ఒక్కసారిగా ఖరీదైనదానిలా అనిపిస్తుంది.

## డేటా సేవ్ చేసేటప్పుడు

ఎడిటర్ లో రన్ అవుతోంది, ఫైల్ డబుల్ క్లిక్ చేస్తేనో వేరే చోటు నుంచి రన్ చేస్తేనో 'ఫైల్ లేదు' అంటోంది

ఉత్త పేరు ఇస్తే మీ ప్రోగ్రామ్ ఉన్న ఫోల్డర్ లో కాదు, ప్రోగ్రామ్ ని ఎక్కడి నుంచి పిలిచారో ఆ ఫోల్డర్ లో వెతుకుతుంది. పాత్‌లిబ్ లో పాత్(__ఫైల్__).రిసాల్వ్().పేరెంట్ అని రాస్తే మీ కోడ్ ఉన్న ఫోల్డర్ వస్తుంది, దానికి స్లాష్ పెట్టి ఫైల్ పేరు కలపండి.

తెలుగులో టైప్ చేసి సేవ్ చేస్తే 'చార్‌మ్యాప్' ఎర్రర్ వస్తోంది

ఓపెన్ లో ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని ఇవ్వండి, రాసేటప్పుడూ చదివేటప్పుడూ రెండుసార్లూ. ఇవ్వకపోతే పైథాన్ విండోస్ లో సిస్టమ్ కి ఉన్న పాత కోడ్ పేజీ తీసుకుంటుంది, అందులో మన అక్షరాలకి చోటే లేదు. జేసన్ (డేటాని టెక్స్ట్ గా దాచే ఒక పద్ధతి) లో సేవ్ చేస్తే 'త' బదులు బ్యాక్‌స్లాష్ యూ 0సీ24 లాంటివి కనిపిస్తున్నాయా, డేటా ఏం పాడవ్వలేదు, ఎన్ష్యూర్_యాస్కీ=ఫాల్స్ పెడితే తెలుగులోనే రాస్తుంది. సీఎస్‌వీ ఎక్సెల్ లో తెరిస్తే చెత్తగా కనిపిస్తోందంటే ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8-సిగ్ ఇవ్వండి, ఫైల్ మొదట్లో ఒక చిన్న గుర్తు పడుతుంది, దాన్ని చూసి ఎక్సెల్ కి అర్థమవుతుంది.

అక్షరాలు లెక్కపెట్టి టెక్స్ట్ కత్తిరించేవాళ్లు ఒకటి చూసుకోండి, 'క్ష' మనకి ఒకటే, కంప్యూటర్ కి మూడు, మధ్యలో కోస్తే వేలాడే పొల్లు మిగులుతుంది.

టెక్స్ట్ ఫైల్ చాలా, జేసన్ ఆ, డేటాబేస్ ఆ?

సెట్టింగ్స్ కి జేసన్. రికార్డులు పెరుగుతూ పోతాయి, వెతకాలి, మార్చాలి అంటే మొదటి రోజునుంచే ఎస్‌క్యూలైట్. డేటాబేస్ అనగానే సర్వర్ పెట్టాలేమో అని భయపడతారు, అక్కర్లేదు, ఒక్క ఫైల్ అంతే, పైథాన్ తో పాటే వస్తుంది. తేదీలు మాత్రం 2025-03-09 లాగా సంవత్సరం ముందు వచ్చేలా దాచండి, సార్టింగ్ దానంతట అదే సరిగ్గా వస్తుంది.

ఇన్సర్ట్ అయింది, లిస్ట్ లో కూడా కనిపించింది, ఆప్ మూసి తెరిస్తే లేదు

కమిట్() పిలవలేదు, మార్పుల్ని ఫైల్ లో ఖాయం చేసేది అదే.

పేరులో సింగిల్ కోట్ ఉంటే సేవ్ అవ్వట్లేదు

యూజర్ టైప్ చేసింది నేరుగా ఎస్‌క్యూఎల్ వాక్యంలో అతికిస్తున్నారు. కోట్ వస్తే వాక్యం మధ్యలోనే ముగిసిపోతుంది, ఎవరైనా కావాలని పిచ్చి రాతలు రాస్తే టేబుల్ కే ఎసరు. విలువ ఉండాల్సిన చోట ప్రశ్న గుర్తు పెట్టి, విలువల్ని టపుల్ గా విడిగా ఇవ్వండి. ఒకే విలువ ఉంటే కూడా చివర కామా ఉండాలి, (పేరు,) ఇలా, లేకపోతే పేరులో ఒక్కో అక్షరాన్ని ఒక్కో విలువ అనుకుంటుంది.

సేవ్ అవుతున్నప్పుడు సిస్టమ్ ఆగిపోయి ఫైల్ మొత్తం ఖాళీ అయిపోయింది

ఫైల్ ని రైట్ మోడ్ లో తెరవగానే పాతది తుడుచుకుపోతుంది, కొత్తది పూర్తిగా రాసేలోపు ఏమైనా జరిగితే రెండూ లేవు. అదే ఫోల్డర్ లో వేరే పేరుతో ముందు రాసి, మూసి, అప్పుడు ఓఎస్.రీప్లేస్ తో అసలు పేరుకి మార్చండి. ఆప్ మధ్యలో ఆగిపోయినా పాతదో కొత్తదో ఒకటి నిండుగా ఉంటుంది.

0.1, 0.2 కలిపితే 0.30000000000000004 వస్తోంది, నా కోడ్ తప్పా?

కాదు, కంప్యూటర్ ఫ్లోట్ లని బైనరీలో దాస్తుంది, 0.1 అందులో కచ్చితంగా ఇమడదు. కొలతలకి చూపించేటప్పుడు రౌండ్ చేస్తే చాలు. డబ్బు లెక్కలకి డెసిమల్ వాడండి, దానికి ఇచ్చేటప్పుడు కోట్స్ లో '0.1' అని టెక్స్ట్ గా ఇవ్వాలి, ఫ్లోట్ ఇస్తే ఆ తోక కూడా వచ్చేస్తుంది. పైథాన్ లో రౌండ్(2.5) అంటే 2 వస్తుంది, 3 కాదు, బిల్లులు చేసేవాళ్లు చూసుకోండి.

## వేరేవాళ్లకి ఇచ్చేటప్పుడు

పైథాన్ లేని సిస్టమ్ లో నా ఆప్ రన్ అవ్వాలి, ఈఎక్స్‌ఈ ఎలా చెయ్యాలి?

పైఇన్‌స్టాలర్ వాడండి. అందరూ వన్‌ఫైల్ ఆప్షన్ కే పరిగెడతారు, ఒకటే ఫైల్ కదా అని, కానీ అది తెరిచిన ప్రతిసారీ మొత్తం సరంజామా టెంప్ ఫోల్డర్ లోకి విప్పుకుని అప్పుడు మొదలవుతుంది, అందుకే విండో రావడానికి అంత లేటు. వన్‌డిర్ తో ఫోల్డర్ గా చేసి జిప్ చేసి ఇవ్వడమే నాకు నచ్చుతుంది. ఇమేజ్ లు, ఐకాన్ లు వాటంతట అవి లోపలికి రావు, యాడ్-డేటా ఆప్షన్ తో చెప్పాలి.

యాంటీవైరస్ నా ఆప్ ని వైరస్ అంటోంది

వన్‌ఫైల్ తో చేసినవాటికి ఇది ఎక్కువ, టెంప్ లోకి ఏదో విప్పి రన్ చెయ్యడం నిజం వైరస్ లు కూడా చేసేదే కాబట్టి అనుమానపడుతుంది. ఫోల్డర్ గా చేసి చూడండి, పైఇన్‌స్టాలర్ కొత్త వెర్షన్ వేసుకోండి. విండోస్ చూపించే స్మార్ట్‌స్క్రీన్ నీలం బాక్స్ వేరే సంగతి, అది మీ ఆప్ కి సైన్ లేదు, ఎవరికీ తెలీదు అని చెప్తోంది, దానికి డబ్బు పెట్టి కోడ్ సైనింగ్ సర్టిఫికెట్ కొనాలి. ఫ్రెండ్స్ కి ఇచ్చే ఆప్ కి అంత అవసరం లేదు. "యాంటీవైరస్ ఆఫ్ చేసి వాడండి" అని మాత్రం ఎవరికీ చెప్పకండి.

నల్ల కన్సోల్ విండో తీసేశా, ఇప్పుడు ఏదైనా తేడా వస్తే ఎర్రర్ ఎక్కడ చూడాలి?

ఎక్కడా కనపడదు, అదే సమస్య. ఇచ్చే ముందే లాగింగ్ పెట్టి ఎర్రర్ లు ఫైల్ లోకి వెళ్లేలా చెయ్యండి. టికింటర్ లో బటన్ ఫంక్షన్ లో వచ్చిన ఎర్రర్ ఆప్ ని మూసెయ్యదు, కన్సోల్ లో రాసి ఊరుకుంటుంది, కన్సోల్ లేకపోతే "నొక్కితే ఏమీ అవ్వట్లేదు" అని ఫోన్ వస్తుంది. రూట్.రిపోర్ట్_కాల్‌బ్యాక్_ఎక్సెప్షన్ కి మీ సొంత ఫంక్షన్ తగిలించండి, అందులో ట్రేస్‌బ్యాక్ మొత్తం లాగ్ లో రాసి, యూజర్ కి ఒక చిన్న మెసేజ్ తో పాటు ఆ లాగ్ ఫైల్ ఎక్కడుందో చూపించండి. స్క్రీన్‌షాట్ బదులు ఆ ఫైల్ పంపమనొచ్చు.

నా దగ్గర సేవ్ అవుతోంది, వాళ్ల దగ్గర 'పర్మిషన్ లేదు' అంటోంది

వాళ్లు ప్రోగ్రామ్ ఫైల్స్ లో పెట్టుకున్నారు, అక్కడ రాయాలంటే అడ్మిన్ హక్కులు కావాలి. యూజర్ డేటా ఎప్పుడూ ఆప్ పక్కన పెట్టకండి. విండోస్ లో యాప్‌డేటా ఫోల్డర్, మ్యాక్ లో లైబ్రరీ లోపల అప్లికేషన్ సపోర్ట్, లినక్స్ లో హోమ్ లో డాట్ లోకల్ లోపల షేర్, వీటిలో మీ ఆప్ పేరుతో ఫోల్డర్ చేసుకోండి. ఆప్ తీసేసి కొత్త వెర్షన్ వేసినా డేటా క్షేమంగా ఉంటుంది, అది అదనపు లాభం.

వాళ్ల లాప్‌టాప్ లో అక్షరాలు మసకగా కనిపిస్తున్నాయి

వాళ్ల స్క్రీన్ స్కేలింగ్ 125 లేదా 150 శాతం ఉంది, మీ ఆప్ కి ఆ సంగతి తెలీదు కాబట్టి విండోస్ దాన్ని ఫోటో సాగదీసినట్టు సాగదీస్తోంది. సీటైప్స్ తో ఎస్‌హెచ్‌కోర్ లోని సెట్‌ప్రాసెస్‌డీపీఐఅవేర్‌నెస్(1) పిలవండి, మొదటి విండో చేసేకంటే ముందు పిలవాలి. విండోస్ కాని చోట ఆ లైన్ పనిచెయ్యదు, ట్రై లో పెట్టుకోండి. తర్వాత మీ సిస్టమ్ లో కూడా స్కేలింగ్ మార్చి ఒకసారి చూసుకోండి, పిక్సెల్స్ లో కొలతలు ఇచ్చినవన్నీ బయటపడతాయి.

విండోస్ లో చేసిన ఈఎక్స్‌ఈ మ్యాక్ వాళ్లకి ఇవ్వొచ్చా?

కుదరదు. కోడ్ అదే వాడుకోవచ్చు కానీ పైఇన్‌స్టాలర్ ఏ సిస్టమ్ మీద రన్ చేస్తే ఆ సిస్టమ్ కే తయారుచేస్తుంది, మ్యాక్ ది మ్యాక్ లోనే కట్టాలి. చేతిలో మ్యాక్ లేకపోతే గిట్‌హబ్ యాక్షన్స్ (గిట్‌హబ్ వాళ్ల మెషీన్ల మీద మీ కోడ్ రన్ చేసే సర్వీస్) లో మ్యాక్ మెషీన్ దొరుకుతుంది, కట్టడం దాకా అక్కడ అయిపోతుంది, కానీ నడిపి చూడ్డానికి మ్యాక్ ఉన్నవాళ్లని ఒకరిని పట్టుకోక తప్పదు.